గ్యాసు గదికి తోడు

అమ్మడూ,

గ్యాసు గదిలోకి ఒంటరిగా వెళ్లనని మీ నాన్న నా చేతిలో చెయ్యి వేసి చెప్పాడు. నీకు అప్పటికింకా నడక రాలేదు. వారం తిరక్కుండానే ఆ మాట తప్పాడు.

నువ్వూ ఆ పనిలోనే చేరావని మీ అమ్మ చెప్పింది. హైడ్రోజన్‌ను మాత్రమే అవతలికి పోనిచ్చే పల్చటి లోహపు రేకు గంధకపు వాయువు తగిలితే పాడైపోతుంది. దాన్ని కాపాడే పూత కోసం మేమిద్దరం సగం వయసు ధారపోశాం. పూత నిలుస్తుందో లేదో చూడాలంటే ఆ విషవాయువునే దాని మీదికి వదలాలి. నేను వచ్చేదాకా ఆగమంటే, "పుస్తకాలు చదివి చదివి పిరికివాడివయ్యావు బావా" అని వెక్కిరించేవాడు.

ఆ రోజు గదిలో కుళ్లిన గుడ్ల కంపు కొట్టి, కాసేపటికి పోయింది. "లీకు ఆగిపోయింది, నువ్వు నిదానంగానే రా బావా" అని ఫోన్ చేశాడు. కంపు పోలేదమ్మా, ముక్కు పనిచెయ్యడం మానేసింది. ఆ వాయువు ఎక్కువైతే ముందు జరిగేది అదే. నేను వెళ్లేసరికి పూత చెక్కుచెదరలేదు. మీ నాన్న నేల మీద ఉన్నాడు.

నీ ముక్కును నమ్మకు. పక్కన మనిషి లేకుండా ఆ తలుపు తియ్యకు. ఎవరూ దొరక్కపోతే ఈ మామయ్యకు చెప్పు, కర్ర పట్టుకునైనా వచ్చి గుమ్మంలో కూర్చుంటాను.

గ్యాసు లీకైతే మోగే అలారం కొనని డైరెక్టరునీ, సంతాపసభలో త్యాగమంటూ ఉపన్యాసాలిచ్చిన పెద్దలనీ తిట్టి తిట్టి అలిసిపోయాను. నాతోపాటు ముసలివాడై, ఈపాటికి నా పక్కన కూర్చుని నన్ను వెక్కిరించాల్సిన మనిషి ఒకడున్నాడు. నేను ఇప్పటికీ క్షమించలేనిది అతణ్ణే, మీ నాన్ననే.