జనరల్ కన్నా స్పెషల్ పెద్దదట

శనివారం రాత్రి, మహబూబాబాద్

జనగామలో ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఉన్నది ఒక్క ఫిజిక్స్ లెక్చరర్ ఉద్యోగమే. డెమో క్లాసుకు నన్నూ, హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న సంధ్యనూ పిలిచారు. సాపేక్షత సిద్ధాంతం, అంటే రిలేటివిటీ, చెప్పమన్నారు. జనరల్ థియరీయే పెద్దదనీ, అందులో గురుత్వాకర్షణ లేని సందర్భమే స్పెషల్ థియరీ అనీ చెప్పాను.

కాలేజీ యజమాని ఆపాడు. "స్పెషల్ కన్నా జనరల్ పెద్దదా? రైల్ల జనరల్ డబ్బల వచ్చినవా ఏంది, గిట్ల చెప్తున్నవ్?"

అందరూ నవ్వారు. నేను వచ్చింది నిజంగా అందులోనే.

ఆయన సంధ్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా."

ఎమ్మెస్సీలో ఈ పాఠం ఇద్దరం కలిసే చదివాం. సంధ్య నా వైపు చూడలేదు. "మీరన్నదే కరెక్టు సార్" అంది. ఉద్యోగం అక్కడికక్కడే ఆమెకిచ్చేశారు.

ఇందాక ఫోన్ చేసింది. "ఏమనుకోకే. నాకు ఉద్యోగం అవసరముండె."

"మరి పిల్లలకు ఏమని చెప్తవ్?" అని అడిగాను.

"సార్ చెప్పినట్టే చెప్త. నీకేంది?" అని పెట్టేసింది.

ఏడుపు రాలేదు. ఆయన మొదట ఆమెను ఆపి, తర్వాత నన్ను అడిగి ఉంటే, నేనేమనేదాన్నో...