సబ్బు మీద అచ్చు

ఒరే అల్లుడూ,

ఇది రాయకూడదనే అనుకున్నాను. తాళాలు బాగుచేసే మేనమామ ఇన్‌స్పెక్టరుకి బుద్ధులు చెప్పడమేమిటని మీ అత్త కూడా నవ్వింది.

పెళ్లాం చెయ్యి విరగ్గొట్టిన దర్జీని, కాళ్ల మీద పడ్డాడని కేసు రాయకుండా వదిలేశావు. "ఒక సంసారం నిలబెట్టాను మామయ్యా" అని మురిసిపోయావు. ఆ పిల్ల మాత్రం మర్నాడే వాణ్ణి బయటికి పంపి, నాచేత తలుపుకి కొత్త తాళం వేయించుకుంది. తాళం దొంగను ఆపదురా, మొహమాటం ఉన్నవాణ్ణే ఆపుతుంది.

ఇవాళ దర్జీ నా కొట్టుకొచ్చాడు. సబ్బుబిళ్ల మీద తాళంచెవి అచ్చు తెచ్చాడు. ఆ పళ్లు ఆ పిల్ల తాళానికి నేను కోసినవే.

"ఎవరిదయ్యా ఇది?" అన్నాను.

"మా ఇంటిదే బాబాయ్. కలిసుండమని ఇన్‌స్పెక్టరుగారే చెప్పారుగా!" అని నవ్వాడు.

తలుపు చూడందే మారు తాళంచెవి చెయ్యను, అది నా నియమం. "పద, తలుపు చూపించు" అన్నాను. సబ్బు జేబులో వేసుకుని ఎదురు కొట్టుకి పోయాడు. అక్కడ నియమాల్లేవు, తాళంచెవి పళ్లు కోసే ఆకురాయి ఉంది.

నువ్వు ఫోనెత్తడం లేదు. ఆ పిల్ల పని నుంచి ఇంకా రాలేదు. వస్తే ఆపమని మీ అత్తను వీధి మలుపులో నిలబెట్టి, టీకొట్టు అతనితో ఇది పంపుతున్నాను. జాలిపడింది నువ్వు, కాపలా కూడా నువ్వే కాయాలి.

నీ మేనమామ

ఎదురు కొట్టులో ఆకురాయి చప్పుడు ఇప్పుడే ఆగింది.