ఆకులో అవిసె పొడి

సరళా,

ఈరోజు నీ మూడో సంవత్సరీకం. మిద్దె మీద ఆకు వేసి నీకిష్టమైనవన్నీ పెట్టాము. గంటసేపైనా కాకి ముట్టలేదు. పిట్టగోడ మీద కూర్చుని నావైపే చూస్తూ ఉంది.

"చిన్నక్క అలిగినట్టుండాది. ఏం మరిచినావో సూడు పెద్దక్కా," అన్నాడు తమ్ముడు.

మరవలేదు, ఒకటి కావాలనే పెట్టలేదు. ముట్లు ఆగే వయసులో నీకు ఒళ్ళంతా ఆవిర్లొస్తుంటే, అవిసె గింజల్లో ఆడవాళ్ళ హార్మోను లాంటిది ఉంటుందని విని, వేయించి పొడి కొట్టి పెట్టింది నేనే. తర్వాత నీ రొమ్ములో గడ్డ బయటపడింది. నువ్వు పోయాక ఆ గింజను ఇంట్లోకి రానివ్వలేదు.

పోయిన వారం నా ఆవిర్లకని తిరుపతి వెళ్ళినప్పుడు డాక్టరమ్మను అడిగాను. "తిండిలో తిన్న అవిసెలతో గడ్డ వస్తుందనేదానికి ఆధారం లేదమ్మా. మీ తప్పేం లేదు," అంది. నమ్మలేక, గోవింద నామం చెప్పుకుంటూ వచ్చేశాను.

ఈ ఉదయం పొయ్యి వెలిగించకముందే వంటింట్లో వేయించిన అవిసెల వాసన వచ్చింది.

అందుకే తమ్ముణ్ణి అంగడికి పంపి, పొడి కొట్టి ఒక చెంచా ఆకులో పెట్టాను. కాకి దిగింది. అన్నం ముట్టలేదు. పొడిలో సరిగ్గా సగం తిని ఎగిరిపోయింది.

"సగం నీకు అక్కా," అని నువ్వు రోజూ చెంచాలో మిగిల్చేదానివి.

కాకి ఎంగిలని తమ్ముడు వారించాడు. కళ్ళు మూసుకుని మిగిలిన సగం తిన్నాను.

నీ అక్క