చిన్న యాంప్లిఫయర్, నా పెద్ద గొంతు

ఆదివారం

మా ఆయన హెడ్‌ఫోన్లకు యాంప్లిఫయర్ కొనడానికి ఈరోజు చిలకలూరిపేట వెళ్ళాం. స్పిన్నింగ్ మిల్లులో పనిచేసి, ఆ రొదకు ఆయన చెవులు మందగించాయి. ఫోన్లో సౌండు ఎంత పెంచినా పాటలో మాటలు తెలియడం లేదంటారు.

షాపులో మా డబ్బుకు వచ్చేవి రెండే. లైట్లు వెలిగే పెద్దది ఆయనకు నచ్చింది. "చెవులు అదిరిపోతాయి సార్!" అన్నాడు షాపతను. ఉన్న వినికిడి కూడా పోతే? కానీ అందరి ముందు ఎలా చెప్పను?

ఆయనే హెడ్‌ఫోన్లు నా తలకు పెట్టి, "నువ్వూ వినవే" అన్నారు. చిన్నదానిలో సౌండు తగ్గించినా ప్రతి మాటా విడిగా వినపడింది. "ఇదే తీసుకుందామండీ! పెద్దది మీ చెవులకు మంచిది కాదు!" అన్నాను. హెడ్‌ఫోన్లు తీయలేదు కదా, ఎంత గట్టిగా అరిచానో తెలియలేదు. షాపంతా నవ్వింది.

"అమ్మగారికి యాంప్లిఫయర్ అక్కర్లేదు సార్" అన్నాడు షాపతను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన మాత్రం చిన్నదే ప్యాక్ చేయమన్నారు. నలుగురిలో నా మాట నిలబెట్టారు. బండి మీద వస్తూ, "పెళ్ళయ్యాక నీ మాట మొదటిసారికే వినపడింది ఇవాళే" అన్నారు.

ఇన్నాళ్ళూ ఎన్నిసార్లు వినపడకుండానే తలూపారో... చెవుల డాక్టరు దగ్గరకు వెళ్దామని రేపు చెప్పాలి. గట్టిగానే చెప్తాను.