నన్నడగని డాక్టరు

తాడేపల్లిగూడెం

ప్రసూనా,

కంగారుపడకు, కులాసాగానే ఉన్నాను. ఫోనులో చెబుదామంటే నీ తమ్ముడు పక్కనే కూర్చుంటాడు, అందుకే ఈ కార్డు. మొన్న వాడు నన్ను థైరాయిడ్ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాడు. ఆయన నావైపు చూడకుండా, "అమ్మగారికి నిద్ర పడుతోందాండీ?" అని వాడినడిగాడు. "శుభ్రంగా పడుతోందండీ" అన్నాడు, తెల్లవార్లూ గురకపెట్టే మహానుభావుడు! నేనే కల్పించుకుని, నీరసంగా ఉంది, జుట్టు రాలుతోంది, రక్తపరీక్ష రాయండన్నాను. "ఈ వయసులో మామూలేనని చెప్పండి, పాత బిళ్ళే వేసుకోమనండి" అన్నాడు, మళ్లీ వాడితోనే. "డాక్టరుగారూ, థైరాయిడ్ ఉన్నది నా మెడలోనండీ, మావాడి మెడలో కాదు" అనేసి లేచి వచ్చాను. "పరువు తీశావమ్మా" అని దారంతా నీ తమ్ముడి సణుగుడు. మర్నాడు నేనే ల్యాబుకు వెళ్లి రక్తమిచ్చాను. వేసుకుంటున్న మోతాదు చాలడం లేదని తేలింది. మంగళవారం ఏలూరులో వేరే డాక్టరమ్మకు చూపించుకుంటున్నాను. పొద్దున్నే అక్కడి బస్టాండుకు వచ్చేయి. తోడుగా కూర్చో, నా బదులు మాత్రం మాట్లాడకు.

మీ నిమ్మకాయలు కోతకొచ్చాయా? ఒక పాతిక పట్టుకురా. పోయినేడు ఊరగాయకు ఉప్పు సరిపోయిందా? అల్లుడుగారిని అడిగినట్టు చెప్పు. మనవలకు దీవెనలు. జాలిపడుతూ ఎవరూ ఫోను చెయ్యనక్కర్లేదు. నాకున్నది మందుతో లొంగుతుంది, ఆ డాక్టరుకున్నదానికే మందు లేదు.

మీ అమ్మ