చార్మినార్ దగ్గర బందరు గాజులు

సుశీలా,

నీ సంవత్సరీకం అయిన వారానికి ఒక్కడినే హైదరాబాదు వచ్చాను. మ్యూజియంలో గడియారంలోంచి బొమ్మ బయటికొచ్చి పన్నెండు గంటలు కొట్టింది. చుట్టూ అందరూ లెక్కపెడుతూ నవ్వుతుంటే నాకు ఒళ్లు మండింది.

మధ్యాహ్నం చార్మినార్ పక్కన గాజుల బజారుకి వెళ్లాను. నువ్వు ఏళ్ల తరబడి చూపించమన్నది అదే. అడిగిన ప్రతిసారీ "బందర్లో దొరకనిది అక్కడేముందే?" అని నీ నోరు మూయించాను. నువ్వు "సరేలెండి" అని లోపలికి వెళ్లిపోయేదానివి. ఒక్కసారైనా నాతో పోట్లాడలేదు. ఆ కోపం నీ మీద ఇంకా ఉంది.

రోల్డుగోల్డు గాజులు అడిగితే కొట్టతను ఒక పెట్టె తీశాడు.

"మంచి మాల్ సార్. మచిలీపట్నం నుంచి వస్తది, చిలకలపూడి మాల్."

"మాది బందరేనండీ."

"మరి గింత దూరం ఎందుకొచ్చిండ్రు సార్?" అని పగలబడి నవ్వాడు.

ఇన్నేళ్ల వాదన నేనే గెలిచాను. ఆ గెలుపుని అక్కడే నేలకేసి కొట్టాలనిపించింది. అయినా ఇవ్వమన్నాను.

"మేడం సైజెంత సార్?"

ముప్పై ఏళ్ల కాపురం. నాకు తెలియదు.

నేను అడగకపోతే నువ్వైనా చెప్పొద్దా?