ఒంటికంటిన సీసం

పర్యావరణ ఆరోగ్య శాఖాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాత బ్యాటరీల కార్ఖానాలో పనివాళ్లకు స్నానాల గది కట్టించుట గురించి, నా కూతురిని నాకు దూరం చేసిన తమ సలహాను వెనక్కి తీసుకొనుట గురించి.

పై కార్ఖానాలో బ్యాటరీలు పగలగొట్టి సీసపు పలకలు వేరుచేయు పనివాడనైన నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. మా పాప రక్తములో సీసము చేరినదని ఆస్పత్రి పరీక్షలో తేలినది. కడుపునొప్పి అని ఏడుస్తుంటే బడి ఎగ్గొట్టడానికి వేషాలనుకున్నాం. మొన్నటిదాకా గలగలా వచ్చిన మాటల కోసం ఇప్పుడు వెతుక్కుంటోంది. "ఇంకా చేరితే చదువు, మాట దెబ్బతింటాయి. పోయింది తిరిగి రాదు" అన్నారు డాక్టరమ్మ.

2. తదుపరి తమ సిబ్బంది కార్ఖానా గేటు వద్ద గాలిని కొలిచి, అది పరిమితికి లోబడి ఉన్నదనియు, మా వీధి దూరమైనందున "నివాసులకు ప్రమాదము స్వల్పము" అనియు నివేదిక ఇచ్చియున్నారు. గాలి కొలిచారు, బాగుంది. నా చొక్కా ఎవరు కొలిచారు? ఆ సీసపు పొడి మా ఇంటికి గాలికి రాలేదయ్యా. నా జుట్టులో, కాలరులో, చెప్పుల్లో వచ్చింది. రోజూ నేనే మోసుకొచ్చాను. నా బట్టలు నానబెట్టిన తొట్టిలోనే మా ఆవిడ పాపకు స్నానం చేయించేది. అలా కూడదని ఇన్నేళ్లలో మాతో ఒక్కరూ అనలేదు.

3. ఈ సంగతి తమ ఆఫీసులో చెప్పుకొనగా తమరు, "విషం ఉన్నంత మాత్రాన ప్రమాదం కాదయ్యా, అది మనిషిని చేరితేనే ప్రమాదం. స్నానం చేసేదాకా పిల్లను దగ్గరికి రానివ్వకు, సరిపోతుంది" అని సెలవిచ్చితిరి. మా ఇల్లు ఒకటే గది. నీళ్ల మూలకు పోవాలంటే పాప పడుకునే చాప దాటాలి. గుమ్మం బయటే బట్టలు విప్పమంటారా? అదీ చేశాను. ఎదురింటివాళ్లు నన్ను చూడగానే తలుపులు వేసుకుంటున్నారు.

4. కార్ఖానాలోనే ఒక కుళాయి, నాలుగు గోడలు, బట్టలు ఉతికే ఏర్పాటు చేయించమని యజమానిని అడిగితే, "ఆఫీసరుగారిని రాయమను, కట్టిస్తా. ఆయన రాసింది ప్రమాదం తక్కువనేగా" అన్నాడు. తమరేమో యజమానిని అడగమంటారు. మీ ఇద్దరి మధ్య మా పాప నలిగిపోతోంది. పని మానెయ్యమని ఉచిత సలహా ఇవ్వకండి. నేను మానేస్తే ఆ సుత్తి ఇంకో పిల్ల తండ్రి పట్టుకుంటాడు.

5. "స్వల్పము" అన్నారే, ఎవరికి స్వల్పమో రాయలేదు. నాకున్నది ఒక్కతే కూతురు. ఆ మాట చదివినప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. మర్యాదగా రాయమని మా బావమరిది పక్కనే కూర్చున్నాడు కాబట్టి ఇలా రాస్తున్నాను.

కావున తమరు స్వయముగా వచ్చి, మా బట్టలను, మా గది నేలను పరీక్షింపజేసి, స్నానాల గది కట్టేదాకా కార్ఖానా నడవరాదని ఉత్తర్వు జారీచేయవలెను. నా కూలి పోతే పోనీ. చిత్తగించవలెను, చిత్తగించి బల్ల సొరుగులో పడేస్తే మాత్రం మళ్లీ వస్తాను.

ఇట్లు,
ఇంకా ఓపిక పట్టి ఉన్న
తమ విధేయుడు,
పాప తండ్రి

తా.క.: నిన్న సాయంత్రం ఇంటికి చేరేసరికి పాప రెండు చేతులకూ కూరగాయల ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది. "ఇప్పుడు పట్టుకోవచ్చా నాన్నా?" అంది. వద్దన్నాను. సంచులు తీసి జాగ్రత్తగా మడతపెట్టి, "అయితే రేపా?" అంది. ఏం చెప్పమంటారో రాసి పంపండి.